ఇంకొక్క రౌండు

ట్రాకు ఎదురుగా ఉన్న లాడ్జి,
మెట్ల పక్క గది

వదినకి,

ఎలా ఉన్నావని ఫోనులో అడిగితే బదులు చెప్పలేవని తెలిసే ఇలా కాగితం పట్టుకున్నాను. దవడకి తీగలు కట్టారట, తలకి దెబ్బ తగిలింది కాబట్టి ఫోను తెర కూడా చూడకూడదట. కుడిచెయ్యి మాత్రం బాగానే ఉందని మీ డాక్టరు చెప్పాడు. కాబట్టి తప్పించుకోలేవు, జవాబు రాయాల్సిందే. నా రాత అర్థం కాకపోతే నర్సుకి చూపించు, వాళ్ళకి డాక్టర్ల రాత అలవాటే.

విషయం నీ చెవిన పడే ఉంటుంది. నీ బదులు కారు నేను నడుపుతున్నాను. ముందు వేరేవాళ్ళని అడిగారట. నీ కారు ప్రమాదంలో నుజ్జయిపోయింది, ఇక మిగిలింది షెడ్డు మూల దుమ్ము కొట్టుకుపోయిన పాతది. దాన్ని చూసి ఒక్కొక్కరూ మెల్లగా జారుకున్నారు. చివరికి అన్నయ్య నాకు ఫోను చేసి "ఖాళీగా ఉన్నావా?" అన్నాడు. ఎప్పుడో చిన్న చిన్న రేసులు చేసి మానేసి, డ్రైవింగ్ స్కూల్లో జనానికి క్లచ్చు వదలడం నేర్పుకుంటూ బతికేదాన్ని, నాకేం పనులుంటాయి? ఖాళీగానే ఉన్నానన్నాను.

ఈ పాతదాని సీటు కూడా నీ ఒంటికి కొలిచి పోసిందే. నీ భుజాలెక్కడ, నీ నడుమెక్కడ, అన్నీ దాన్లో అచ్చుపడి ఉన్నాయి. అందులో నేను పెద్దవాళ్ళ చొక్కా తొడుక్కున్న పిల్లలా ఉన్నాను. కదలకుండా ఉండటానికి మన కార్ల మేస్త్రి నా చుట్టూ స్పాంజి కుక్కాడు. నాకు వేరే సీటు పోయిస్తామన్నారు, వద్దన్నాను. మా వదిన వచ్చేదాకా కాపలా కూర్చున్నదాన్ని, నాకు సొంత కుర్చీ ఎందుకన్నాను.

మొదటి రేసులో చివర వచ్చాను. చివరంటే చివరే, నేను గీత దాటేసరికి జెండాలూపేవాళ్ళు సామాన్లు సర్దుకుంటున్నారు. వెనక చక్రాలు జారుతున్నాయని రేడియోలో చెబితే షెడ్డు ముందు కూర్చున్న అన్నయ్య "ఊఁ, సరేలే" అంటాడు. ఏమీ మార్చడు. మళ్ళీ చెబితే మళ్ళీ సరేలే. నేను డ్రైవరునా, గోడనా?

అన్నయ్య బాగానే ఉన్నాడు. పని ఒత్తిడి ఎక్కువగా ఉన్నందున రాలేకపోతున్నాడు. వీలు చూసుకుని వస్తాడు.

నీ
నత్త

*

ఆస్పత్రి,
కిటికీ పక్క మంచం

ఆడపడుచుగారి దివ్యసముఖానికి,

ఇలా మొదలుపెడితేగానీ నీకు గౌరవం ఇచ్చినట్టుండదు. అన్నం కంచం ముందు పొద్దంతా కూర్చునేదానివని మీ అన్నయ్య నీకు నత్త అని పేరు పెట్టాడు, ఆ నత్తే ఇవాళ నా కారెక్కి ఊరేగుతోంది. కానీయ్.

బుద్ధెరిగాక నేను ఇన్నాళ్ళు నోరు మూసుకుని ఉండటం ఇదే. ఇక్కడి నర్సు నన్ను చాలా నెమ్మదైన మనిషిననుకుంటోంది. "మీలాంటి పేషెంట్లు అరుదమ్మా" అంటుంది. మీ అన్నయ్య వింటే కుర్చీలోంచి కింద పడతాడు.

నీ సమస్య నాకు అర్థమైంది. మీ అన్నయ్య చెవులకి ఒక జబ్బుంది, అది నా వల్ల వచ్చిందే. నా సంగతి తెలుసుగా, గోరంతని కొండంత చేస్తాను. కారు కాస్త జారితే చచ్చానంటాను, ఇంజను కాస్త వేడెక్కితే కాలిపోతున్నానంటాను. ఆయన అందులో సగం తీసేసి, మిగిలినదాంట్లో మళ్ళీ సగం తీసేసి, ఆ మిగిలినదానికి స్పానరు పడతాడు. ఎప్పుడూ సరిగ్గానే పట్టాడు, ఆ మాట ఒప్పుకోవాలి. నువ్వేమో ఉన్నది ఉన్నట్టు చెప్పే రకం. అందులో సగం తీసేస్తే ఇంకేం మిగులుతుంది? కాబట్టి నువ్వూ గోల పెట్టు. నాలాగా అరిచి చెప్పు. చక్రాలు జారితే చచ్చానను. అప్పుడుగానీ ఆయన కదలడు.

మొన్న ఆయన దగ్గర్నుంచి పార్శిల్ వచ్చింది. తాగే స్ట్రాలు. పడుకునే తాగడానికి వీలుగా ఒక్కొక్కదాన్నీ వేడిచేసి వంచి పంపాడు. ఆ వంపు ఎంత బాగా కుదిరిందంటే జావ ఒక్క చుక్క మెడ మీద పడటం లేదు. అడుగున చీటీ ఏమైనా ఉంటుందేమోనని డబ్బా బోర్లించి చూశాను. ఏమీ లేదు.

సాయంత్రం చూడటానికి వచ్చేవాళ్ళ టైము. పక్క మంచాల చుట్టూ జనం చేరతారు. నేను కిటికీ వైపు తిరిగి కింద కార్లు పెట్టే చోటు చూస్తుంటాను. ఒక్కరికీ తిన్నగా పెట్టడం రాదు. మన టీము వ్యాను వస్తుందేమోనని చూస్తున్నానని నర్సు కనిపెట్టేసింది. "పని ఒత్తిడి ఎక్కువగా ఉన్నందున" అని రాశావే, అది నీ వాక్యం కాదు. నీకు "ఉన్నందున" అని రాసేంత ఓపిక లేదు. ఆయన ఎప్పుడొస్తాడో అడిగి నీ మాటల్లో రాయి.

మీ వదిన

*

అదే లాడ్జి

వదినకి,

నీ సలహా పాటించాను. పాటించకుండా ఉండాల్సింది.

రేసు బాగానే సాగుతోంది. నా వెనక ఇద్దరు ముగ్గురు ఉన్నారు కూడా. మలుపులో వెనక చక్రాలు కాస్త జారాయి. రేడియో మీట నొక్కి, అచ్చం నీ గొంతు పెట్టి, "చచ్చాను! ఈ బండి నన్ను చంపేస్తోంది!" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. "ఆపెయ్" అన్నాడు. అది అన్నయ్య గొంతులానే లేదు. "పక్కకి తీసి ఆపెయ్. దిగిపో. దిగి దూరంగా పో."

"అబ్బే, ఏం లేదన్నయ్యా, ఊరికే అన్నాను" అని ఎంత చెప్పినా దిగిపో దిగిపో అంటూనే ఉన్నాడు. చేసేది లేక గడ్డిలోకి తీసి ఆపి దిగాను. మంటలార్పేవాళ్ళు పరుగెత్తుకొచ్చారు, ఆర్పడానికి ఏమీ లేక నా మొహం చూశారు. కారుకి ఏ రోగమూ లేదు. టీము ఓనరుగారు అందరి ముందూ అన్నయ్యని నానా మాటలూ అన్నాడు. అన్నయ్య వెళ్ళి లారీ వెనక టైరు మీద కూర్చున్నాడు.

నీళ్ళు తీసుకెళ్ళాను. గ్లాసు తీసుకుని తాగకుండానే కింద పెట్టేశాడు. "ఇంకెప్పుడూ ఆ మాట అనకు" అన్నాడు. ఎందుకని అడిగితే లేచి వెళ్ళిపోయాడు. మేస్త్రిని అడిగితే "మీ అన్ననే అడుగమ్మా" అని మొహం తిప్పుకున్నాడు.

నీ దగ్గరికి ఎప్పుడు వెళ్తాడని కూడా అడిగాను. వింటున్నాడో లేదో తెలియలేదు. ఆ రోజు అసలేం జరిగింది వదినా? నువ్వైనా చెప్పు.

నత్త

*

ఆస్పత్రి

నత్తకి,

ఆ రోజు ఏం జరిగిందని నన్నడుగుతున్నావు. నేను నిన్ను అడుగుదామనుకున్నాను.

నాకు గుర్తులేదు. పొద్దున గ్లౌజులు తొడుక్కోవడం గుర్తుంది. మీ అన్నయ్య నా హెల్మెట్ పట్టీ బిగించి, ఎప్పటిలాగే గడ్డం కింద వేలు పెట్టి చూశాడు. ఆ తర్వాత ఈ గది పైకప్పు. మధ్యలో ఏమీ లేదు. ఆ జ్ఞాపకం ఇక రాకపోవచ్చని డాక్టరు అంటున్నాడు.

నాకు నేను అనుకున్నది చెబుతాను. నేనే ఏదో మలుపులో తొందరపడి ఉంటాను. టీముకి ఉన్న ఒక్క మంచి కారునీ గోడకి కొట్టాను. ఇన్నేళ్ళు ఆయన పడ్డ కష్టం తుక్కు చేసి పెట్టాను. అందుకే మొహం చాటేస్తున్నాడు. నీ అరుపు విని భయపడ్డాడంటే, ఇంకో కారు కూడా పోతుందని భయపడి ఉంటాడు.

కోపం ఉంటే ఉండనీ. కోపంతోనైనా వచ్చి తిట్టమను. నేనెలాగూ ఎదురు చెప్పలేను, ఆయనకి ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదు.

నాకు చాలా ఒంటరిగా ఉంది నత్తా. నొప్పి సంగతి రాయను, అది పగలంతా ఉండేదే. ఇక్కడ అందరూ నాతో మాట్లాడతారు, నెమ్మదిగా, పసిపిల్లతో మాట్లాడినట్టు. నేను చెప్పింది సగం కొట్టేసి వినే మనిషి ఒక్కడూ లేడు. నేనంటే ఎవరో తెలిసినవాళ్ళు ఎవరూ లేరు ఇక్కడ.

కారు పాడు చేసినందుకు నేను బాధపడుతున్నానని ఆయనకి చెప్పు.

మీ వదిన

*

ఇంకో ఊరు, ఇంకో లాడ్జి

వదినకి,

ఇక్కడ వానలు. రేసు సగంలో ఆపేశారు. లాడ్జి శుభ్రంగా ఉంది. నువ్వు త్వరగా కోలుకోవాలని టీము అందరమూ కోరుకుంటున్నాం. కారు గురించి నువ్వు బాధపడాల్సిన పని లేదు, నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు. అన్నయ్య బాగానే ఉన్నాడు. ఇప్పుడు నేను తుమ్మినా ట్రాకు వదిలి షెడ్డు లోపలికి రమ్మంటున్నాడు, దానివల్ల వెనకబడుతున్నాం. వేళకి మందులు వేసుకో.

నత్త

*

ఆస్పత్రి

ఆడపడుచుగారికి,

నీళ్ళు నమలకు. "టీము అందరమూ కోరుకుంటున్నాం" అట! ఇలాంటివి ఇక్కడ తెల్లకోటు వేసుకున్నవాళ్ళు పొద్దునా సాయంత్రం చెబుతున్నారు, నీ దగ్గర్నుంచి కూడా నాకు అక్కర్లేదు. నేను ఏ తప్పూ చెయ్యలేదని అంత గట్టిగా రాశావంటే ఎవరు చేశారో నీకు తెలిసిందన్నమాట.

పగిలింది నా దవడ, నా తుంటి. ఎందుకు పగిలాయో తెలుసుకునే హక్కు నాకు లేదా? నీ దగ్గర కూడా అడుక్కోవాలా?

రాస్తే నిజం రాయి. లేకపోతే రాయకు.

*

లాడ్జి

వదినా,

రాయనని అన్నయ్యకి మాటిచ్చాను. రాస్తున్నాను.

నీ ఉత్తరంలో "నేను బాధపడుతున్నానని చెప్పు" అన్నావు కదా, ఆ మాట చెప్పాను. వాన పడుతోంటే టైర్ల లారీలో కూర్చుని ఉన్నాడు. వినగానే రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అప్పుడు చెప్పాడు.

రేసు మధ్యలో నువ్వు రేడియోలో, "ఏవండోయ్, ఈ బండి నన్ను చంపేస్తోంది, వెనక ఏదో విరుగుతోంది" అన్నావట. అన్నయ్య నవ్వి, "రోజూ చంపుతూనే ఉందిగా, ఇంకొక్క రౌండు చంపించుకో" అన్నాడట. నువ్వూ నవ్వావట. ఆ రౌండులోనే వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ విరిగింది.

అంతే వదినా. నువ్వు గోడకి కొట్టలేదు. నువ్వు చెప్పావు.

నువ్వు ఆస్పత్రిలో చేరిన రోజు అన్నయ్య నీ గది గుమ్మం దాకా వచ్చాడట. నువ్వు నిద్రలో ఉన్నావు. తీగలు చూసి వెనక్కి తిరిగాడు. "తిడితే కాళ్ళ మీద పడేవాణ్ణే. ఆ తిట్టే నోటికి తీగలు కట్టేశారు. ఆ మనిషి ముందు నిలబడి నేనేం మాట్లాడను?" అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు, అది కూడా రాసేస్తాను. "గుర్తులేదని డాక్టరు చెప్పగానే, నేను చెప్పకపోతే ఆవిడకి ఎప్పటికీ తెలియదు కదా అనిపించింది. అలా అనిపించినందుకు అద్దంలో మొహం చూసుకోలేకపోతున్నాను" అన్నాడు.

నాకు అన్నయ్య మీద కోపం వస్తోంది, జాలీ వేస్తోంది. నీకేం రావాలో నేను చెప్పలేను.

నత్త

*

లాడ్జి

వదినా,

ఉత్తరం అందిందా? జవాబు లేదు.

ఇవాళ ప్రాక్టీసులో వెనక చక్రాలు జారుతున్నాయని చెప్పాను. అన్నయ్య "ఎంత?" అన్నాడు. ఎప్పుడూ అలా అడగలేదు. నేను ఆలోచించి, కొంచెమే, కాకపోతే ఎడమ మలుపుల్లోనే అన్నాను. సరేనని లోపలికి పిలిచి, ఎడమవైపు విప్పి చూసి, ఏదో బిగించాడు. కారు మాట వింది. మంచి స్థానంలోనే వచ్చాను. చెప్పుకుందామంటే గదిలో ఎవరూ లేరు. నీ పేరు రాసిన కవరు బల్ల మీద పెట్టుకుని దానితోనే చెప్పుకున్నాను.

తిట్టైనా రాయి.

నత్త

*

ఆస్పత్రి, కొత్త గది
(ఇక్కడ నడక నేర్పుతారు)

నత్తకి,

రాయకూడదని కాదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను, తగ్గలేదు. ఇక కోపంతోనే రాస్తున్నాను.

తీగలు తీసేశారు. నోరు చిన్న చెంచా పట్టేంత తెరుచుకుంటుంది. మొదట ఏం మాట్లాడతారమ్మా అని నర్సు అడిగింది. మంచినీళ్ళు అన్నాను.

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. "ఇంకొక్క రౌండు చంపించుకో." అది ఆయన అనే మాటే. విన్నట్టే ఉంది నాకు, గుర్తులేకపోయినా. ఆ రోజు నేను నవ్వి ఉంటానన్న సంగతి కూడా నమ్ముతాను. తర్వాత ఒళ్ళు మండిపోయింది. నవ్వినందుకు కాదు. మనం నవ్వుకునే మాటలు మన ఇష్టం. అది అయ్యాక నన్ను ఇక్కడ ఒక్కదాన్నీ వదిలేశాడే, దానికి. నాదే తప్పని నేను పైకప్పు చూస్తూ కుళ్ళిపోతుంటే, స్ట్రాలు వంచి పంపాడే, దానికి.

కాబట్టి విను. నాకు తెలుసని ఆయనకి చెప్పకు. ఆయనే రావాలి, ఆయన నోటితో చెప్పాలి. వస్తే వింటాను, విన్నాక ఏం చేస్తానో నాకే తెలియదు. రాకపోతే, వీళ్ళు నన్ను వదిలిన రోజున నేను తిన్నగా మా అక్క ఇంటికి వెళ్తాను. మా ఇంటికి వెళ్ళను. ఇది కొండంత చేసి చెప్పడం కాదు. ఎంత అన్నానో అంతే.

ఇంకొకటి. తుంటి చూసిన డాక్టరు, నడుస్తారు, మెట్లెక్కుతారు, ఆ కారు మాత్రం మర్చిపోండి అన్నాడు. నేను ఏడవలేదు, కానీ ఇది రాస్తుంటే మొదటిసారి చెయ్యి ఆగింది. నువ్వు ఆ స్పాంజి అంతా పీకి పారేసి నీ ఒంటికి సీటు పోయించుకో. కాపలా చాలు.

మీ వదిన

*

లాడ్జి

వదినా,

సీటు పోయించుకున్నాను. నీ సీటు తీసి పక్కన పెడుతుంటే మేస్త్రి దాన్ని గుడ్డతో తుడిచాడు. నాకు సొంత సీటు వచ్చినందుకు సంతోషం ఉండాలి కదా. లేదు.

ఒట్టు, నేను అన్నయ్యకి ఏమీ చెప్పలేదు. నువ్వు మాట్లాడుతున్నావని మాత్రం మొన్న చెప్పాను. ఇవాళ రేసు. కార్లు వరస కట్టే ముందు అన్నయ్య వచ్చి నా హెల్మెట్ పట్టీ బిగించి, తన చెవులకున్న రేడియో తీసి మేస్త్రి చేతిలో పెట్టాడు. "ఆస్పత్రికి వెళ్తున్నాను" అన్నాడు. రేసయ్యాక వెళ్ళవయ్యా అని ఓనరుగారు మొత్తుకున్నాడు. "రేసయ్యాక మళ్ళీ ధైర్యం చాలదండీ" అన్నాడు. వెళ్తే ఇక రావొద్దన్నాడు ఓనరుగారు. అన్నయ్య నిలబడి విని, సంచీ భుజాన వేసుకుని బస్సు స్టాండు వైపు వెళ్ళిపోయాడు.

నేను కారులోంచి చూస్తూనే ఉన్నాను. రేసంతా మేస్త్రి మాట్లాడాడు. పాపం బాగానే చెప్పాడు. చెవిలో మనవాళ్ళు ఎవరూ లేకుండా నడపడం నాకు ఇదే మొదలు. ఎన్నో స్థానంలో వచ్చానో రాయను, అది కాదు నీకు కావలసింది.

వచ్చాడా?

నత్త

*

ఆస్పత్రి

నత్తకి,

వచ్చాడు.

సాయంత్రం అందరూ వచ్చే టైముకే వచ్చాడు. టీము చొక్కా, చేతులకి గ్రీజు, అలాగే. చిక్కిపోయాడు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు. ఎలా ఉన్నావని అడగలేదు. "ఆ రోజు నువ్వు నాకు చెప్పావు" అని మొదలుపెట్టాడు.

నువ్వు రాసిందంతా మొదటిసారి విన్నట్టు విన్నాను. ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. నీకు చెప్పనిది కూడా ఒకటి చెప్పాడు. నా మాట విని కారుని లోపలికి పిలుద్దామని మేస్త్రి అన్నాడట. "ఆవిడ మాటలకేంలే" అని ఈయనే చెయ్యి ఊపేశాడట. అది నీకూ తెలియదు, నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. మేస్త్రి నోరు విప్పే మనిషి కాడు. అది దాచుకుని మిగిలింది చెప్పినా నేను నమ్మేదాన్ని. దాచుకోలేదు. అందుకని మా అక్క ఇంటికి వెళ్ళడం లేదు. ఇద్దరం ఇంటికే వెళ్తాం, ఆయనకి ఉద్యోగం లేదు, నాకు కారు లేదు, ఏం చేస్తామో చూడాలి.

తిట్టాను. నోరు సరిగ్గా తిరగక చాలా తిట్లు గాలికే పోయాయి. అర్థం కానివి మళ్ళీ చెప్పమని అడిగి మరీ విన్నాడు. ముందే తెలుసని నేను చెప్పలేదు. నువ్వూ ఎప్పుడూ చెప్పకు.

తర్వాత కింద నుంచి ఇద్దరికీ టీ తెచ్చాడు. ఎప్పటిలా ఆగకుండా గుటక వేశాను. పొగలు కక్కుతోంది. "అబ్బా, చచ్చాను!" అన్నాను.

ఆయన చేతిలో కప్పు జారిపోయింది. వసారాలోకి పరుగెత్తి, డాక్టర్, డాక్టర్ అని కేకలు పెట్టాడు. నర్సులు ఉరుక్కుంటూ వచ్చారు. నాలుక కాలిందంతే అని చూపించాను. వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళారు. నేనూ నవ్వాను, ఆయన కూడా నవ్వుతాడని చూశాను. నవ్వలేదు. మంచం కడ్డీ పట్టుకుని నిలబడి, "నిజంగా ఏం లేదా? నిజంగా?" అని అడుగుతూనే ఉన్నాడు. లేదని ఎన్నిసార్లు చెప్పానో.

ఇకనుంచి నేను ఏమన్నా ఆయన నమ్ముతాడు నత్తా. పెళ్ళయిన కొత్తలో ఇది వరం అనుకునేదాన్నేమో. ఆయన నేల మీద ఒలికిన టీ తుడవడానికి గుడ్డ కోసం వెళ్ళినప్పుడు, కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. తిరిగి వచ్చి నొప్పిగా ఉందా అని అడిగాడు. ఆలోచించి, సరిగ్గా ఎంత ఉందో అంతే చెప్పాను.

మీ వదిన